మూత్రం వచ్చేటప్పుడు ప్రొస్టేట్ ఎంత సాగుతోంది? వెన్నుపాము దెబ్బ తర్వాత అల్ట్రాసౌండ్‌తో చూసే పద్ధతి

వెన్నుపాము దెబ్బతిన్న మగవాళ్ల స్కానింగ్ రిపోర్టులో ప్రొస్టేట్‌కి దక్కేది ఒక్క లైను. సైజు 24 గ్రాములు, నార్మల్. కింద ఇంకో లైను: మూత్రం పోశాక మిగిలింది 180 మి.లీ. అసలు సంగతి ఈ రెండు లైన్ల మధ్య జారిపోతుంది. మూత్రాశయం బిగుసుకున్న ఆ అర నిమిషంలో ప్రొస్టేట్ మధ్యగా పోయే దారి తెరుచుకుందా, తెరుచుకుంటే ఎంత, అందుకు లోపల ఎంత ఒత్తిడి కావలసి వచ్చింది, ఇవేవీ అందులో ఉండవు. ఆ 180 మి.లీ. మిగలడానికి కారణం మూత్రాశయం మెడా (దాని కింది మూతి), ప్రొస్టేటా, దాని కింద మూత్రాన్ని ఆపే బిగింపు కండరం స్ఫింక్టరా, లేక మూత్రాశయమే సరిగ్గా బిగుసుకోకపోవడమా అన్నది తేల్చకుండానే, ఆ దారి కండరాన్ని వదులుచేసే టామ్సులోసిన్ రాసేయడం మామూలైపోయింది.

షియర్ వేవ్ ఎలాస్టోగ్రఫీ (కండలో తరంగం పుట్టించి, దాని వేగం నుంచి గట్టిదనం లెక్కేసే పద్ధతి) ఉన్న మెషిన్లు వచ్చాక కొందరు ప్రొస్టేట్ గట్టిదనాన్ని కిలోపాస్కల్ లెక్కలో ఇస్తున్నారు. క్యాన్సర్ గడ్డ వెతకడానికి అది పనికొచ్చే అంకె. కానీ పడుకోబెట్టి, మూత్రాశయం కదలకుండా ఉన్నప్పుడు తీసిన గట్టిదనం మూత్రం అడ్డంకి గురించి చెప్పేది చాలా తక్కువ. మనకి కావలసింది సాగుదల. అంటే లోపలి ఒత్తిడి ఇంత పెరిగినప్పుడు దారి ఇంత తెరుచుకుంది అనే లెక్క. దానికి ఒత్తిడీ బొమ్మా ఒకే సెకనులో, పక్కపక్కన ఉండాలి. ఈ పోస్టంతా ఆ రెండింటినీ నమ్మదగినట్టు కలపడం గురించే.

ముందుగా, ఇది అందరికీ అవసరమైన పరీక్ష కాదు. చేతులు బాగా పనిచేసే పారాప్లీజియా (కాళ్లు చచ్చుబడ్డ) మనిషికి రోజుకి 4 నుంచి 6 సార్లు క్యాథెటర్ పెట్టుకుని ఖాళీ చేసుకోవడం, మూత్రాశయాన్ని మందులతోనో బోటాక్స్‌తోనో శాంతపరచడం దారి. అక్కడ ప్రొస్టేట్ ఎంత సాగుతుందో తెలిసినా వైద్యం పెద్దగా మారదు. మెడ దగ్గర దెబ్బ తగిలి చేతులు పట్టు లేనివాళ్లు, కండోమ్ డ్రెయినేజీ (అంగానికి తొడిగి మూత్రాన్ని గొట్టం గుండా పంపే తొడుగు) మీద రిఫ్లెక్స్‌గా మూత్రం పోసేవాళ్లు, స్ఫింక్టర్ కోత గానీ బోటాక్స్ గానీ ఆలోచిస్తున్నవాళ్లు, యాభై దాటి ప్రొస్టేట్ కూడా పెరుగుతున్నవాళ్లు, వీళ్లకి మాత్రం అడ్డు ఎక్కడుందో తెలియడం చాలా ముఖ్యం. స్ఫింక్టర్ కోసేశాక అసలు అడ్డు మూత్రాశయం మెడ దగ్గరుందని తెలిస్తే వెనక్కి తీసుకోలేం.

దెబ్బ ఏ ఎత్తులో తగిలిందన్నది కూడా ముందే చూసుకోవాలి. మూత్రం పోయించే కేంద్రం వెన్నుపాములో ఎస్2 నుంచి ఎస్4 భాగంలో ఉంటుంది (డి అంటే ఛాతీ వెనక భాగం, ఎల్ నడుము, ఎస్ దాని కింది త్రికం). వెన్నుపాము మాత్రం ఎల్1 ఎముక దగ్గరే ముగుస్తుంది కాబట్టి, ఆ కేంద్రం ఉండేది డి12, ఎల్1 ఎముకల వెనకాల. తెలంగాణ, ఆంధ్ర పల్లెల్లో తాటిచెట్టు మీద నుంచి పడ్డ గీత కార్మికుల్లో వెన్నెముక ఎక్కువగా విరిగేది సరిగ్గా ఆ డి12, ఎల్1 దగ్గరే. అక్కడ నలిగితే కేంద్రమే పోతుంది, మూత్రాశయం చచ్చుబడుతుంది. కానీ మూత్రాశయం మెడనూ ప్రొస్టేట్ లోని నునుపు కండరాన్నీ బిగించే సింపథెటిక్ నరాలు డి10 నుంచి ఎల్2 భాగాల నుంచి వస్తాయి, అవి బతికే ఉండొచ్చు. అప్పుడు సంచి వదులు, మూతి బిగుతు. డి10కి పైన దెబ్బ అయితే కథ వేరు. మూత్రాశయం తనంతట తాను బిగుసుకుంటుంది, అదే క్షణంలో స్ఫింక్టర్ కూడా బిగుసుకుంటుంది. దీన్నే డిట్రూసర్ స్ఫింక్టర్ డిస్‌సినర్జియా అంటారు (డిట్రూసర్ అంటే మూత్రాశయం గోడ కండరం). మెదడు కాండంలోని పాన్స్ నుంచి వచ్చే "నువ్వు బిగువు, నువ్వు వదులు" అనే ఆజ్ఞ మధ్యలో తెగిపోవడమే కారణం.

దెబ్బ తగిలిన కొత్తలో ఈ పరీక్ష పెట్టుకోవద్దు. స్పైనల్ షాక్ ఉన్నంతకాలం, సాధారణంగా 6 నుంచి 12 వారాలు, మూత్రాశయం బిగుసుకోదు. చూడ్డానికి ఏమీ ఉండదు.

ఇది పూర్తిగా కొత్త ఆలోచనా కాదు. 1980ల మొదట్లోనే కాలిఫోర్నియాలోని పాలో ఆల్టో మాజీ సైనికుల ఆసుపత్రిలో ఇందర్ పర్కాష్, ఫ్రీడ్‌లాండ్ తదితరులు మలద్వారం గుండా లీనియర్ ప్రోబ్ పెట్టి, వెన్నుపాము రోగుల్లో మూత్రం వచ్చేటప్పుడు మూత్రాశయం మెడ, ప్రొస్టేట్ దారి, స్ఫింక్టర్ తెరుచుకోవడం చూశారు. 1998లో జపాన్‌లో ఒజావా బృందం ప్రోబ్‌ని వృషణాల వెనక చర్మం మీద పెట్టి డాప్లర్‌తో మూత్రం వేగాన్నే కొలిచింది. ఎక్స్‌రే కింద కాంట్రాస్ట్ నింపి చేసే వీడియో యూరోడైనమిక్స్ (మూత్రాశయం ఒత్తిడినీ ధారనీ కొలిచే పరీక్ష) ఇప్పటికీ ప్రామాణికం. అయితే ఎక్స్‌రేలో కనిపించేది దారిలోని ద్రవం నీడ మాత్రమే, దారి చుట్టూ ఉన్న కండ కాదు. అల్ట్రాసౌండ్ గెలిచేది అక్కడే.

కొలవాల్సిన చోటు

ఇక్కడ చిన్న లెక్క. ప్రొస్టేట్‌ని 20 మి.మీ. వ్యాసార్థం ఉన్న గుండ్రటి కండగా, మధ్యలో మూసుకున్న దారితో ఊహించుకోండి. కండ నలిగి చిన్నదవదు, పక్కకి జరుగుతుంది అంతే. దారి 3 మి.మీ. వ్యాసార్థానికి తెరుచుకుంటే, అంటే 6 మి.మీ. వెడల్పు అయితే, బయటి అంచు జరిగేది 0.2 మి.మీ. పైచిలుకు మాత్రమే. 10 మి.మీ. దూరంలో ఉన్న కండ 0.4 మి.మీ. జరుగుతుంది. దారికి 5 మి.మీ. దూరంలో ఉన్నది 0.8 మి.మీ. జరుగుతుంది. చుట్టుకొలతలో చూస్తే దగ్గరి పొర 16 శాతానికి పైగా సాగింది, బయటి పొర 1 శాతం. కాబట్టి ప్రొస్టేట్ బయటి గీత కొలిచి "సాగలేదు" అని రాయడం అర్థం లేని పని, అది ఎవరిలోనూ కదలదు. కాలిపర్లు పెట్టాల్సింది దారి గోడల మీద, కదలిక వెతకాల్సింది దారికి అటూ ఇటూ 5 నుంచి 8 మి.మీ. లోపల.

మూడు చోట్ల కొలవాలి: మూత్రాశయం మెడ, ప్రొస్టేట్ మధ్యలో వెరుమాంటానమ్ (దారి వెనక గోడ మీద ఉండే చిన్న బొడిపె) ఎత్తు, ప్రొస్టేట్ కింద స్ఫింక్టర్ ఉండే మెంబ్రేనస్ భాగం. ఒక్క చోటే కొలిస్తే తప్పుదోవ పడతాం. ఎందుకో కాసేపట్లో తెలుస్తుంది.

ప్రోబ్ ఎక్కడ పెట్టాలి

మలద్వారం గుండా పెట్టే బైప్లేన్ ప్రోబ్, 5 నుంచి 10 మెగాహెర్ట్జ్, బొమ్మ అద్భుతంగా ఇస్తుంది. అయినా మొదటి ఎంపిక అది కాకూడదని మా అభిప్రాయం. మలద్వారం సాగితే మూత్రాశయపు రిఫ్లెక్స్ అణగిపోతుంది, స్ఫింక్టర్ కూడా కొంత వదులవుతుంది. కొందరు పారాప్లీజియా రోగులు మలద్వారాన్ని వేలితో సాగదీసి మూత్రం పోసుకునే పద్ధతి ఈ గుణం మీదే ఆధారపడింది. అంటే కొలిచే పనిముట్టే కొలవబోయే జబ్బుని మార్చేస్తోంది. పైగా వెనక నుంచి ప్రోబ్ నొక్కుతుంటే ప్రొస్టేట్ ఆ వైపు సాగలేదు. కడుపు ఒత్తిడి కొలిచే రెక్టల్ బెలూనూ ఈ ప్రోబూ ఒకే చోట ఇరుక్కుని కడుపు ఒత్తిడి అంకె కూడా చెడుతుంది.

వృషణాల సంచికీ మలద్వారానికీ మధ్య చర్మం మీద పెట్టే కర్వ్‌డ్ ప్రోబ్, 3 నుంచి 6 మెగాహెర్ట్జ్, నిలువు కోతలో, చాలామందికి సరిపోతుంది. మూత్రాశయం మెడ నుంచి స్ఫింక్టర్ దాకా ఒకే ఫ్రేములో పడుతుంది. మూత్రం ప్రోబ్ వైపే వస్తుంది కాబట్టి డాప్లర్ కోణం కూడా అనుకూలం. దీని బలహీనత ఏమిటంటే స్ఫింక్టర్, దాని కింద మూత్రమార్గం ఉబ్బుగా ఉండే బల్బు ప్రోబ్‌కి బాగా దగ్గర. కాస్త గట్టిగా నొక్కితే మనమే దారి మూసేస్తాం. జెల్ మందంగా వేసి, చర్మం మీద ఆనీ ఆననట్టు పట్టుకోవాలి. ప్రోబ్ తగలగానే స్ఫింక్టర్ ఒకసారి ముడుచుకుంటుంది, తొడలు బిగుసుకుని చేతిని నొక్కేయొచ్చు. కదపకుండా ఒక నిమిషం ఆగితే సర్దుకుంటుంది. చిన్న స్టాండ్‌కి ప్రోబ్ బిగించుకోగలిగితే ఇంకా మంచిది, మూత్రం వచ్చేదాకా చేత్తో పట్టుకుని కూర్చుంటే చెయ్యి తప్పకుండా కదులుతుంది.

సన్నాహం

ముందు యూరిన్ కల్చర్. వీళ్లలో జ్వరం లేకపోయినా మూత్రంలో బ్యాక్టీరియా ఉండడం మామూలు. దాన్ని బట్టి ఒక యాంటీబయోటిక్ డోసు ముందే ఇవ్వాలా అని యూరాలజిస్టు నిర్ణయిస్తారు. జ్వరం, చలి ఉంటే పరీక్ష వాయిదా. మలం ఖాళీ కావాలి, నిండిన రెక్టమ్ (మలాశయం) ప్రొస్టేట్‌ని ముందుకి తోస్తుంది, గ్యాస్ ఉంటే కడుపు ఒత్తిడి గీత గెంతుతుంటుంది. ముందురోజు సాయంత్రం వాళ్ల మామూలు పద్ధతిలో ఖాళీ చేయించుకుని రమ్మనడం మేలు. అదే రోజు ఎనిమా ఇస్తే మలద్వారం ఇంకా చిరాకుగా ఉంటుంది. పిరుదుల మీద, నడుము కింద పుండ్లున్నాయేమో చూసి, వాటి మీద బరువు పడని భంగిమ ఎంచుకోండి. ఏళ్ల తరబడి క్యాథెటర్లు వాడినవాళ్లలో లేటెక్స్ ఎలర్జీ ఎక్కువ. ప్రోబ్‌కి తొడిగే కవరు, గ్లవుజులు లేటెక్స్ లేనివి వాడాలి, కండోమ్ తొడిగేయడం కుదరదు.

క్యాథెటర్ 6 ఫ్రెంచ్ సైజు, డబుల్ ల్యూమెన్ (నింపడానికొకటి, ఒత్తిడికొకటి, రెండు రంధ్రాలది). 6 ఫ్రెంచ్ అంటే 2 మి.మీ. లావు, దాదాపు 3 చదరపు మి.మీ. జాగా. బొమ్మలో రెండు సమాంతర గీతలుగా కనిపిస్తుంది. కొలతకి స్కేలుగా పనికొస్తుంది గానీ, దారి మూసుకునే ఉన్నా 2 మి.మీ. తెరుచుకున్నట్టు చూపిస్తుంది. ఫోలీ (బెలూన్‌తో లోపలే ఉండిపోయే క్యాథెటర్) ఉంటే తీసేయాలి, బెలూన్ మూత్రాశయం మెడ మీద కూర్చుంటే ఇక కొలిచేదేమీ లేదు. పొత్తికడుపు గుండా మూత్రాశయంలోకి పెట్టిన సుప్రాప్యూబిక్ గొట్టం ఉన్న మనిషి దొరికితే అదృష్టమే. నింపడం, ఒత్తిడి కొలవడం రెండూ పైనుంచే అయిపోతాయి, మూత్రమార్గం ఖాళీగా దొరుకుతుంది.

ఒత్తిడి కొలిచే ట్రాన్స్‌డ్యూసర్లు ప్యూబిక్ ఎముక పైఅంచు ఎత్తులో, గాలి ఒత్తిడికి సున్నా చేసి పెట్టాలి. గొట్టాల్లో ఒక్క గాలి బుడగ కూడా ఉండకూడదు, ఉంటే ఒత్తిడి గీత మొద్దుబారిపోయి డిస్‌సినర్జియా కుదుపులు నున్నగా కనిపిస్తాయి. ఒత్తిడి సరిగ్గా అందుతోందా చూడ్డానికి దగ్గమంటాం కదా, మెడ దగ్గర దెబ్బ తగిలినవాళ్లు గట్టిగా దగ్గలేరు. పొట్ట మీద అరచేత్తో ఒక్కసారి నొక్కండి, మూత్రాశయం ఒత్తిడి, కడుపు ఒత్తిడి గీతలు రెండూ సమానంగా లేవాలి.

ఈ నొక్కుడుకి ఇంకో ఉపయోగం ఉంది. అల్ట్రాసౌండ్ మెషిన్ గడియారమూ యూరోడైనమిక్స్ గడియారమూ ఎప్పుడూ కలవవు. పొట్ట నొక్కినప్పుడు బొమ్మలో మూత్రాశయం ఒక్కసారి కిందకి జరుగుతుంది, గీతలో ముల్లులా లేస్తుంది. ఆ రెండిటినీ ఒకే క్షణంగా పట్టుకుని మిగతా రికార్డింగ్ అంతా సరిచేసుకోవచ్చు. మొదట్లో ఒకసారి, మూత్రం ఆగాక ఒకసారి చేయండి. ధార కొలిచే ఫ్లోమీటర్ విషయంలో ఇది చాలదు. మూత్రం దారిలోంచి వచ్చి గిన్నెలో పడేదాకా సెకనో, కండోమ్ గొట్టం గుండా వస్తే ఇంకా ఎక్కువో ఆలస్యం ఉంటుంది. ఆ ఆలస్యాన్ని తీసేయకపోతే దారి మూసుకున్న క్షణంలో ధార బాగా వచ్చినట్టు లెక్క తేలుతుంది.

ఒక పక్కమాట: మన దగ్గర స్కానింగ్ మెషిన్‌ని పీసీపీఎన్‌డీటీ చట్టం (గర్భంలో లింగనిర్ధారణని ఆపే చట్టం) కింద రిజిస్టర్ చేయించాలి, మీరు చూసేది మగవాళ్ల ప్రొస్టేట్ అయినా సరే. రేడియాలజీ గదిలో రిజిస్టరైన మెషిన్‌ని యూరోడైనమిక్స్ గదికి తోసుకెళ్లే ముందు ఆసుపత్రిలో ఆ కాగితాలు చూసేవారితో మాట్లాడుకోండి.

రక్తపోటు

డి6 దగ్గరా దానికి పైనా దెబ్బ ఉన్నవాళ్లలో ఈ పరీక్షలో ప్రాణం మీదకి తెచ్చేది ఆటోనమిక్ డిస్‌రిఫ్లెక్సియా, అంటే దెబ్బ కింది భాగం రేగి బీపీ అమాంతం పెరిగిపోవడం. మూత్రాశయం నిండడం, మలద్వారంలో ప్రోబ్ పెట్టడం, క్యాథెటర్ తోయడం, ఏదైనా దాన్ని రేపగలదు. వాళ్ల మామూలు పై బీపీ 90 నుంచి 110 మధ్యే ఉంటుంది కాబట్టి 140 కనిపిస్తే "పర్లేదు" అనుకోవడం పెద్ద పొరపాటు. మొదటి రీడింగ్ కంటే 20 పెరిగినా అనుమానించాలి. తలపోటు, దెబ్బకి పైభాగంలో చెమట, మొహం ఎర్రబడడం, నాడి నెమ్మదించడం గుర్తులు. కొందరికి ఏ బాధా తెలియకుండానే బీపీ పెరిగిపోతుంది, అందుకే నింపుతున్నంతసేపూ 2 నిమిషాలకోసారి కఫ్ ఊదాలి.

వస్తే చేయాల్సింది: నింపడం ఆపి, క్యాథెటర్ తెరిచి మూత్రాశయం ఖాళీ చేయండి, ప్రోబ్ తీసేయండి, మనిషిని నిటారుగా కూర్చోబెట్టి బిగుతు బట్టలు, బెల్టులు వదులు చేయండి. అప్పటికీ పై బీపీ 150 దగ్గరే నిలిచిపోతే నైట్రేట్ గానీ నిఫెడిపిన్ గానీ, బీపీని వేగంగా తగ్గించేది ఇవ్వాలి. అందుకే డాక్టరు గదిలో ఉండాలి. అంగస్తంభన మందులు, అంటే సిల్డెనాఫిల్ గత 24 గంటల్లో, టడలాఫిల్ గత 48 గంటల్లో వేసుకున్నాడా అన్నది పరీక్షకి ముందే, పక్కన చుట్టాలు లేనప్పుడు అడగండి. వేసుకుని ఉంటే నైట్రేట్ ముట్టుకోకూడదు. మలద్వారం ప్రోబ్ తప్పనిసరైతే 2 శాతం లిగ్నోకెయిన్ జెల్లీ వేసి 5 నిమిషాలు ఆగాకే పెట్టండి.

నింపడం, చూడడం

గోరువెచ్చటి సెలైన్, నిమిషానికి 10 నుంచి 20 మి.లీ. వేగంగా నింపితే మూత్రాశయం ఉలిక్కిపడి 80 మి.లీ.కే బిగుసుకుంటుంది, ఇంట్లో ఎప్పుడూ జరగని సంగతి గదిలో చూస్తాం. చల్లటి సెలైన్ కూడా అంతే. నింపుతున్నప్పుడే మూత్రాశయం మెడ చూస్తూ ఉండండి, మూసుకుని ఉండాలి. 100 నుంచి 200 మి.లీ. మధ్య ఒక ఫ్రేము ఆపి, ప్రొస్టేట్ మూత్రాశయంలోకి ఎంత పొడుచుకొచ్చిందో కొలవండి. 5 మి.మీ. లోపు తక్కువ, 10 దాటితే ఎక్కువ. ఎక్కువగా పొడుచుకొచ్చిన లోబు బంతిలా మూతి మీద వాలుతుంది, అప్పుడు అడ్డు గట్టిదనం వల్ల కాదు, ఆకారం వల్ల.

రిఫ్లెక్స్ బిగుతు మొదలయ్యాక సినీ రికార్డింగ్ నడుస్తూనే ఉండాలి, సెకనుకి 30 ఫ్రేములు చాలు. కొందరికి బొడ్డు కింద వేళ్లతో తట్టాలి. తడుతున్నప్పటి ఫ్రేములు కొలవొద్దు, బొమ్మంతా ఊగుతుంది. పొట్ట నొక్కి పోయించడం అసలు వద్దు, అది ప్రొస్టేట్‌ని కిందకి తోసి దారిని మడత పెడుతుంది, కిడ్నీలకీ మంచిది కాదు. మూత్రాశయం ఒత్తిడి 40 సెం.మీ. నీటిని దాటి దిగకుండా నిలబడిపోతే, ధార రాకపోతే, ఒకటి రెండు నిమిషాల్లో ఆపి ఖాళీ చేయండి. బొమ్మ బాగుందని కిడ్నీల మీద ఒత్తిడి పెట్టి కూర్చోకూడదు. 500 మి.లీ. దాటి నింపాల్సిన పనీ లేదు.

ఇప్పుడు అసలు కిటుకు. మూత్రం పారుతున్నప్పుడు మూత్రాశయంలోని ఒత్తిడి, ప్రొస్టేట్ దారిలోని ఒత్తిడి ఒకటి కావు. పారడంలో రాపిడికి కొంత, వేగానికి కొంత ఖర్చైపోతుంది. కాబట్టి ధార ఉన్నప్పుడు మూత్రాశయం ఒత్తిడితో సాగుదల లెక్కేస్తే తప్పు వస్తుంది. డిస్‌సినర్జియాలో స్ఫింక్టర్ మధ్యమధ్య బిగుసుకుని ధార పూర్తిగా ఆగిపోతుంది కదా, ఆ క్షణాల్లో మూత్రాశయం మెడ తెరిచే ఉంటే, మూత్రాశయమూ ప్రొస్టేట్ దారీ కలిసి ఒకే నీటి తొట్టి. రెండింట్లో ఒత్తిడి సమానం. అంటే జబ్బే మనకి కొలతని తేలిక చేసి పెడుతోంది. ధార ఆగిన ఫ్రేములు ఎంచుకుని, డిట్రూసర్ ఒత్తిడి (మూత్రాశయం ఒత్తిడిలోంచి కడుపు ఒత్తిడి తీసేసిన అంకె) చూసి, ఆ ఫ్రేములో మధ్య ప్రొస్టేట్ దగ్గర దారి వెడల్పు కొలవండి. ఒత్తిడి పెరుగుతున్నప్పటి ఫ్రేములే తీసుకోండి. ప్రొస్టేట్ కండ తిరిగి మూసుకునేటప్పుడు వేరే దారిలో వస్తుంది, దిగుతున్నప్పుడు అదే ఒత్తిడికి దారి ఇంకా వెడల్పుగా కనిపిస్తుంది.

ఉదాహరణకి డిట్రూసర్ ఒత్తిడి 30 దగ్గర దారి తెరుచుకోవడం మొదలైంది, 50కి వచ్చేసరికి వెడల్పు 6 మి.మీ. అయింది అనుకుందాం. గుండ్రమనుకుంటే వైశాల్యం 28 చదరపు మి.మీ., క్యాథెటర్ 3 తీసేస్తే 25. దాన్ని 20తో భాగిస్తే ఒక్కో సెంటీమీటర్ నీటి ఒత్తిడికి 1.25 చదరపు మి.మీ. ఇదే సాగుదల. దీంతోపాటు తెరుచుకోవడం మొదలైన ఒత్తిడి, ఇక్కడ 30, విడిగా రాయాలి. దారి నిజానికి గుండ్రంగా ఉండదు, వెరుమాంటానమ్ దగ్గర నెలవంకలా ఉంటుంది. అందుకే ఒకరి అంకెని ఇంకొకరితో పోల్చడం కంటే అదే మనిషిలో మందుకి ముందూ తర్వాతా పోల్చడానికే ఇది నమ్మదగింది.

బొమ్మ ఏం చెబుతోంది

ప్రొస్టేట్ దారి గరాటులా బాగా ఉబ్బింది, కింద స్ఫింక్టర్ దగ్గర సన్నగా దారంలా ముగిసింది, ఒత్తిడి ఎక్కువ, ధార లేదు లేదా తెగితెగి వస్తోంది. అడ్డు స్ఫింక్టర్. ఇక్కడే ఒక్క చోట కొలిస్తే మోసపోతాం. మధ్య ప్రొస్టేట్ వెడల్పు చూసి "ప్రొస్టేట్ చక్కగా సాగుతోంది, అడ్డంకి లేదు" అని రాసేస్తారు. అంత ఉబ్బింది కింద తలుపు మూసి ఉన్నందుకే. ఏళ్ల తరబడి ఇలా ఉబ్బిన ప్రొస్టేట్‌లో మూత్రం గ్రంథి నాళాల్లోకి ఎక్కి, ఇన్ఫెక్షన్లు వచ్చి, సున్నపు మచ్చలు పడతాయి.

మూత్రాశయం మెడ దగ్గర వెనక పెదవి అరుగులా లేచి ఉంది, ప్రొస్టేట్ దారి తెరుచుకోనే లేదు, ఒత్తిడి పైనుంది. ఇది మూత్రాశయం మెడ బిగుతు. టామ్సులోసిన్ లాంటి ఆల్ఫా బ్లాకర్‌కి ఆశ ఉన్నది ఈ రకంలో. మూడు చోట్లా సన్నగానే ఉండి, దారి చుట్టూ లోబులు ఎదురెదురుగా ఆనుకుని ఉంటే పెరిగిన ప్రొస్టేట్ పని. ఒత్తిడే లేవకపోతే, 15, 20 దగ్గరే ఆగిపోతే, సాగుదల లెక్క వేయకండి. సాగడానికి కావలసిన బలమే పెట్టలేదు.

పెద్ద వయసు మగవాళ్ల కోసం తయారైన అడ్డంకి సూత్రం, అంటే గరిష్ఠ ధార దగ్గరి ఒత్తిడి లోంచి ధారకి రెండింతలు తీసేసేది, ఇక్కడ వాడొద్దు. స్ఫింక్టర్ సెకనుకో తీరుగా ఉన్నప్పుడు గరిష్ఠ ధార అనే క్షణానికి అర్థమే లేదు.

తికమక పెట్టేవి కొన్ని ఉన్నాయి. పాత క్యాథెటర్ గాయాల వల్ల ఏర్పడ్డ తప్పుదారి నల్లటి గీతలా ఉండి అసలు దారిలా కనిపిస్తుంది, క్యాథెటర్ ఎందులో ఉందో చూసి తేల్చుకోవాలి. పాత స్ఫింక్టర్ కోత ఉన్నవాళ్లలో కింది భాగం గుంటలా తెరిచి ఉంటుంది. బల్బు దగ్గర స్ట్రిక్చర్ (మచ్చకట్టి దారి ఇరుకవడం) ఉంటే మూడు చోట్లా వెడల్పుగానే ఉండి ధార మాత్రం సన్నగా వస్తుంది, అది మన ఫ్రేము కిందకి పోయి కనిపించదు. ఇక స్ఫింక్టర్ కండరం బిగువుని పట్టే ఈఎంజీ స్టిక్కర్లు మూత్రంతో తడిస్తే గోలగోలగా గీసి, స్ఫింక్టర్ బిగుసుకున్నట్టే చూపిస్తాయి. బొమ్మలో స్ఫింక్టర్ తెరిచి ఉంటే బొమ్మనే నమ్మండి.

ఎలాస్టోగ్రఫీ సంగతి

షియర్ వేవ్ వేగం నుంచి గట్టిదనం వస్తుంది, వేగం వర్గానికి మూడింతలు, సెకనుకి 2 మీటర్లయితే 12 కిలోపాస్కల్, 3 మీటర్లయితే 27. ఈ తరంగం ద్రవంలో నడవదు కాబట్టి మూత్రం నిండిన దారిలో రంగు రాకపోవడం సహజం, అక్కడ పెట్టె పెట్టి అంకె తీయకండి. మ్యాపు సెకనుకి ఒకటో రెండో మాత్రమే కొత్తగా వస్తుంది. స్ఫింక్టర్ కుదుపులు దానికంటే వేగం. మూత్రం వస్తున్నప్పుడు తీసిన మ్యాపులో ప్రొస్టేట్ గట్టిపడినట్టు కనిపిస్తే, కండ మారిందనుకోవద్దు. లోపలి నుంచి 80 సెం.మీ. నీటి ఒత్తిడి, దాదాపు 8 కిలోపాస్కల్, నెడుతోంది, సాగిన కండ బిగువుగానే ఉంటుంది. ప్రోబ్ నొక్కినా అదే జరుగుతుంది. సున్నపు మచ్చ పక్కన అంకె అమాంతం పెరుగుతుంది.

విశ్రాంతిలో, ఖాళీ మూత్రాశయంతో, ప్రోబ్ నొక్కకుండా తీసిన మ్యాపు ఒకటి ఉంచుకోండి. అందులో ఒకే చోట 35 కిలోపాస్కల్ దాటిన ముద్ద, బూడిదరంగు బొమ్మలో సున్నం లేకుండా కనిపిస్తే, అది మూత్రం సమస్య కాదు. పీఎస్ఏ (ప్రొస్టేట్ రక్తపరీక్ష), ఎమ్మారై దారి పట్టించండి. పీఎస్ఏ మాత్రం ఈ పరీక్షకి ముందే తీయించాలి, మలద్వారం ప్రోబూ క్యాథెటరూ ఆ అంకెని పెంచేస్తాయి.

రిపోర్టులో

దెబ్బ ఎత్తు, ప్రోబ్ ఏ దారిలో, భంగిమ, క్యాథెటర్ సైజు, నింపిన వేగం, బిగుతు మొదలైన మి.లీ., తెరుచుకోవడం మొదలైన ఒత్తిడి, మూడు చోట్ల వెడల్పులూ అవి కొలిచిన ఒత్తిడీ, ధార ఆగిన క్షణమా పారుతున్న క్షణమా, మిగిలిన మూత్రం, అత్యధిక బీపీ. తక్కువ మాటలు, ఎక్కువ అంకెలు. "ప్రొస్టేట్ గట్టిగా ఉంది" అనే వాక్యం ఒత్తిడి అంకె లేకుండా రాయొద్దు.

టామ్సులోసిన్ 0.4 మి.గ్రా. మొదలుపెడితే రాత్రి పడుకునే ముందు ఇవ్వాలి, వీళ్లకి కూర్చోగానే బీపీ పడిపోవడం అసలే ఉంటుంది. 4 వారాల తర్వాత మళ్లీ చూడండి. తెరుచుకునే ఒత్తిడి తగ్గి సాగుదల పెరిగితే బిగువు నునుపు కండరానిది. రెండూ కదలకపోతే అది పెరిగిన గ్రంథో, మచ్చకట్టిన కండో, లేక కింద స్ఫింక్టరో, మందు కొనసాగించి లాభం లేదు. స్ఫింక్టర్‌లో 100 యూనిట్ల బోటాక్స్ వేసినవాళ్లలో ఒక నెలకి ఒకసారి, ప్రభావం తగ్గే 3 నెలల సమయానికి ఒకసారి చూస్తే చాలు. అక్కడ చూడాల్సింది తలకిందులుగా ఉంటుంది: స్ఫింక్టర్ వదులైతే మధ్య ప్రొస్టేట్ వెడల్పు తగ్గాలి, ధార పెరగాలి. ప్రొస్టేట్ సన్నబడిందని ఎవరైనా కంగారుపడి ఫోన్ చేస్తే, వైద్యం పనిచేసిందని చెప్పండి.